రెండు తీగల ఇంజన్‌తో గెలిచి, ఒక్క తీగ కోసం మళ్లీ మొదలెట్టిన కాండో

అరకు రైలెక్కితే అందరం సొరంగాలే లెక్కపెడతాం. పైన సాగే కరెంటు తీగను ఎవరూ చూడరు. మన పెద్దతిప్పసముద్రం పక్కన ములకలచెరువు మీదుగా పోయే ధర్మవరం-పాకాల లైన్‌లోనూ ఇప్పుడు అదే తీగ. రైలుకు అలా ఒక్క తీగ, అదీ మామూలు కరెంటు చాలని పట్టుబట్టిన వాళ్లలో ముందువరసలో ఉన్న మనిషి హంగేరీ ఇంజనీర్ కాల్మన్ కాండో. జనవరి 13 ఆయన వర్ధంతి.

1869లో బుడాపెస్ట్‌లో పుట్టిన కాండో 1894లో అక్కడి గాంజ్ ఫ్యాక్టరీలో చేరారు. 1902లో ఇటలీలో ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న వాల్టెల్లినా లైన్‌లో 3,000 వోల్టుల త్రీ ఫేజ్ కరెంటుతో రైళ్లు నడిపించారు.

అసలు పరీక్ష జోవి కనుమ దగ్గర ఎదురైంది. జెనోవా రేవులో దిగిన సరుకు ఈ కొండ దాటాలి. వెయ్యి మీటర్లకు 35 మీటర్లు ఎక్కే ఘాట్ అది. ఆవిరి ఇంజన్ సొరంగంలో దూరితే పొగకు సిబ్బందికి ఊపిరాడేది కాదు. దీనికోసం కాండో ఈ550 ఇంజన్ రూపొందించారు. ఐదు ఇరుసులు, సుమారు 60 టన్నులు. 25 కిలోమీటర్లు, 50 కిలోమీటర్లు.. రెండే వేగాలు! కొండ దిగేటప్పుడు మాత్రం మోటార్లే బ్రేకులై కరెంటును తిరిగి తీగలోకి పంపేవి. ఇలాంటివి 186 తయారయ్యాయి.

అయినా కాండోకు తృప్తి లేదు. పైన రెండు తీగలు కావాలి, రైలుకంటూ వేరే కరెంటు పుట్టించాలి. ఊళ్లకు వెళ్లే 50 సైకిళ్ల కరెంటే ఒక్క తీగ మీద ఇస్తే పోదా? 1915లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆయన ఆ దేశం వదిలారు. స్వదేశంలో ఈ పనే పట్టుకున్నారు. తీగలో వచ్చే సింగిల్ ఫేజ్‌ను ఇంజన్‌లోనే త్రీ ఫేజ్‌గా మార్చే యంత్రం తయారుచేశారు. 1923లో ట్రయల్స్ మొదలయ్యాయి. కానీ 1931లో ఆయన కన్నుమూశారు. బుడాపెస్ట్ నుంచి ఆ రైళ్లు మొదలైంది 1932లో.

భారత్ 1957లో 25 వేల వోల్టుల, 50 సైకిళ్ల పద్ధతిని ఎంచుకుంది. 1980ల మొదట్లో అది కొత్తవలస-కిరండూల్ లైన్‌కూ వచ్చింది. ఇప్పటి డబ్ల్యూఏజీ-9 ఇంజన్ కూడా ఒక్క తీగ కరెంటును లోపల త్రీ ఫేజ్‌గా మార్చుకునేదే. కాండో యంత్రం చేసిన పనిని ఇందులో ఎలక్ట్రానిక్స్ చేస్తుంది. ఘాట్ దిగేటప్పుడు ఇదీ కరెంటును తీగకు తిరిగిచ్చేస్తుంది.