బొమ్మలకు ప్రాణము పోసిన ఒసాము తెజుకా

చిత్రకథలయందు బాలబాలికలకు గల ప్రీతి సర్వదేశములలోను ఒక్కటియే. మన యిండ్లలోని పెద్దలు తమ చిన్నతనమున ‘చందమామ’ కొరకు నెలనెలా ఎదురుచూచినవారే. 1947 జూలైలో మదరాసునుండి తెలుగు, తమిళములలో వెలువడిన ఆ పత్రిక యిప్పుడు అచ్చుపడుట లేదు. నేటి విద్యార్థులు జపాను దేశపు చిత్రకథలను చూచి యానందించుచున్నారు. వానికి మాంగా యని పేరు. అదే తీరున కదలు బొమ్మలతో తీసిన చిత్రములకు ఆనిమే యని పేరు. అట్టి బొమ్మలను కంప్యూటరుపై తామును గీయవలెనని కుతూహలపడువారు మనలో పలువురు కలరు. ఏ సాఫ్ట్‌వేరు మంచిదన్నదే వారు మొట్టమొదట మమ్మడుగు ప్రశ్న. దానికి సమాధానము చెప్పుటకు ముందు, కలము, సిరా, కాగితములే సాధనములుగా ఈ కళను నిలువబెట్టిన యొక మహనీయుని చరితమును తెలుపుట యుచితమని తలంచితిమి.

ఒసాము తెజుకా 1928 నవంబరు 3వ తేదీన జపానులోని ఒసాకా నగరము చెంతనున్న తొయొనాకాలో జన్మించెను. అతని బాల్యము తకరజుకా పట్టణమున గడచెను. తండ్రి యింటిలోనే చిన్న యంత్రముతో చలనచిత్రములు వేసి చూపెడివాడు. తల్లి చిత్రకథలను గొంతు మార్చి మార్చి చదివి వినిపించెడిది. తెజుకా పొట్టివాడు, బక్కపలుచనివాడు. గిరజాల జుట్టు, కంటి యద్దములు. అందుచే తోడి విద్యార్థులు అతనిని గేలిచేయుచుండిరి. అతడు బొమ్మలు గీయుట మొదలిడగానే గేలిచేసినవారే చుట్టును మూగిరి. ఒకనాడు తరగతిలో ఉపాధ్యాయులు ఆ బొమ్మల పుస్తకమును పట్టుకొనిరి. కాని దానిని చదివిన పిమ్మట వారును మెచ్చుకొని, గీయుటకు అనుమతి నొసగిరి. పురుగులను సేకరించుట అతనికి మరియొక వ్యసనము. జపాను భాషలో ఒసాముషి యను పేరు గల పురుగొకటి కలదు. తన పేరును దాని పేరును కలియుట చూచి మురిసి, పురుగు అను అర్థము గల అక్షరమును తన పేరున చేర్చుకొనెను.

అంతలో యుద్ధము వచ్చినది. విద్యార్థులను సయితము కర్మాగారములకు పంపిరి. 1945 ఏప్రిలులో తెజుకా ఒసాకాలోని యొక సినిమాశాలలో కదలు బొమ్మల చిత్రమొకటి చూచి కంటతడి పెట్టెను. తానును అట్టి చిత్రమును ఒక్కటైనను తీయవలెనని సంకల్పించెను. ఆ జూనులోనే ఒసాకాపై అమెరికా విమానములు నిప్పుబాంబులు కురిపించినవి. అప్పుడతడు కర్మాగారపు కావలి గోపురముపై నుండెను. బాంబులు మిక్కిలి చేరువను పడినను బ్రతికి బయటపడెను. కాని నగరము తగులబడుటను, నదీతీరమున మృతదేహములు పడియుండుటను స్వయముగా చూచెను. ప్రాణమునకు గల విలువ నాడు అతని మనసున నాటుకొనినది. పిదప గీసిన కథలలో పెక్కింటికి మూలమిదియే.

ఆ యేడే అతడు వైద్యవిద్యయందు చేరెను. 1946 జనవరిలో అతని తొలి చిత్రకథ పిల్లల పత్రికలో అచ్చుపడెను. మరుసటి యేట, అనగా మన చందమామ పుట్టిన 1947లోనే, షిచిమా సాకయి అను చిత్రకారునితో కలసి ‘కొత్త నిధిద్వీపము’ అను పుస్తకమును వెలువరించెను. అది నాలుగు లక్షల ప్రతులు అమ్ముడుపోయినదని చెప్పుదురు. అంతకు ముందటి చిత్రకథలలో చాలవరకు పాత్రలు నాటకరంగముమీద నిలిచినట్లు ఒకే దూరమునుండి కనబడుచుండెడివి. తెజుకా సినిమా కెమెరా చూచునట్లు దగ్గరగను, దూరముగను, పైనుండియు చూపెను. ఒక్క క్షణమున జరుగు పనిని పెక్కు బొమ్మలలో విడదీసి, చదువువాని గుండె వేగమును పెంచెను.

వైద్యమా, బొమ్మలా? ఈ సందేహము అతనిని బాధించెను. తల్లి నడిగెను. నీ మనసునకు ఏది ప్రియమని ఆమె తిరిగి ప్రశ్నించెను. బొమ్మలని చెప్పగా, అదియే చేయుమని దీవించెను. అయినను అతడు చదువును నడుమ విడువలేదు. వైద్యుల పరీక్షలో నుత్తీర్ణుడయ్యెను. 1961లో వైద్యశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను. కాని జీవితమును బొమ్మలకే యర్పించెను.

1952లో మొదలైన ‘అటాము’ కథ అతనికి శాశ్వత కీర్తి తెచ్చినది. ఒక శాస్త్రజ్ఞుడు మరణించిన కుమారునికి మారుగా మరబాలుని సృష్టించును. ఆ బాలుడు పెరుగడని తెలిసి, విసుగుచెంది సర్కసువానికి అమ్మివేయును. మనుష్యహృదయము గల ఆ యంత్రబాలుని కథను తలచి జపాను బాలలు దుఃఖించిరి, సంతోషించిరి.

1961లో తెజుకా కదలు బొమ్మల శాలను స్థాపించెను. 1963 జనవరి 1వ తేదీన అటాము టెలివిజనుపై కదలాడెను. వారమున కొక భాగము చొప్పున 1966 డిసెంబరు వరకు 193 భాగములు ప్రసారమయ్యెను. ఇది యెంతటి సాహసమో లెక్కవేసి చూడుడు. సెకనుకు 12 బొమ్మలు గీసినచో, 25 నిమిషములకు 18,000 బొమ్మలు కావలెను. చిన్న శాలలో వారము వారమును ఇన్ని గీయుట అసాధ్యము. అందుచే తెజుకా బొమ్మల సంఖ్యను ఎంతయో తగ్గించెను. దేహమును నిశ్చలముగ నుంచి, నోటిని, కన్నులను మాత్రము కదపెను. ఎగురుట, పరుగెత్తుట వంటి బొమ్మలను దాచియుంచి మరల మరల వాడెను. ఈ యుపాయము మనకు క్రొత్తది కాదు. తోలుబొమ్మలాటలో చేతులు, మెడ కదలును గాని ముఖము మారదు. ఆటగాని గొంతు, దీపపు వెలుగు, కథలోని రసము కలసి బొమ్మకు ప్రాణము పోయును.

అయితే యొక దోషమును దాచరాదు. తెజుకా తన చిత్రములను ఖర్చునకంటె తక్కువ ధరకు అమ్మెను. లోటును చిత్రకథల యార్జనతో పూడ్చెను. ఆ పరిశ్రమలో చిత్రకారులకు జీతములు స్వల్పమగుటకు ఈ పద్ధతియే మూలమని పలువురు విమర్శింతురు. 1973లో ఆ శాల దివాలా తీసినది. తెజుకా కాలము చెల్లినదని లోకులు తలంచిరి. ఆ సంవత్సరమే అతడు పట్టా లేని శస్త్రవైద్యుని కథయగు ‘బ్లాక్ జాక్’ను ఆరంభించెను. తాను నేర్చిన వైద్యవిద్య అప్పుడు అక్కరకు వచ్చినది. పాఠకులు మరల అతనిని తలకెత్తుకొనిరి. 1972 మొదలు 1983 వరకు బుద్ధుని చరితమును గీసెను. మన యమరావతి శిల్పులు రాతిపై వరుసగా చెక్కిన గాథనే అతడు సిరాతో కాగితముపై నిలిపెను.

1989 ఫిబ్రవరి 9వ తేదీన, అరువదియవ యేట, ఉదరమున పుట్టిన క్యాన్సరుతో తెజుకా మరణించెను. ఆసుపత్రి మంచముపై సయితము గీయుట మానలేదు. అతడు విడిచిపోయిన బొమ్మల పుటలు సుమారు 1,50,000. తకరజుకాలో 1994లో అతని పేర చిత్రశాలను తెరచిరి.

ఇక ఆ మొదటి ప్రశ్న. బొమ్మలు గీయుటకు కృత, కదిలించుటకు ఓపెన్‌టూంజ్ అను సాఫ్ట్‌వేరులు ఉచితముగనే లభించుచున్నవి. పొరమీద పొర వేసి గీయుట, ముందు గీసిన బొమ్మ లీలగా కనబడుచుండగా తరువాతి బొమ్మను గీయుట వీనిలో సులభము. పూర్వము పారదర్శకపు రేకులపై చేతితో చేసిన పనియే యిది. సాధనము శ్రమను తగ్గించును. కథను మాత్రము ఇయ్యజాలదు.

కథ మన చెంతనే యున్నది. కృష్ణగిరి మామిడితోటలలో నున్నది. దేంకనికోట అడవులనుండి రాత్రివేళ రాగిచేలపై పడు ఏనుగులలో నున్నది. చేనికి కావలి కాయు రైతు నిద్రలేమిలో నున్నది. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, హోసూరు పొలిమేర దాటగనే కన్నడము వినుచు పెరుగు మనకు, ఈ ప్రాంతమున తెలుగు పుస్తకములు అరుదై పోవుచున్నవని తెలియును. తెజుకా తన మాతృభాషలో తన దేశపు బాలలకొరకు గీసెను. లోకమే దానిని అనువదించుకొనినది. మన బొమ్మల నోటినుండి వెలువడు మాటలు తెలుగు మాటలైనచో, వాని కొరకైనను మన తమ్ములు, చెల్లెండ్రు తెలుగు చదువుదురు.

కనుక విద్యార్థులారా, నోటుపుస్తకపు చివరి పుటలలో మీరు గీసిన బొమ్మలను దాచవలదు. చదువును విడువక, వానిని కథలుగా తీర్చి మా పత్రికకు పంపుడు. వచ్చు సంచికలో వానికి చోటిత్తుము.