ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు

ఎన్నికలలో మాట యిచ్చుట సులభము. అధికారము చేపట్టిన పిమ్మట దానిని చెల్లించుట కష్టము. అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు చరిత్రము ఈ సత్యమును తేటపరచును.

ఇతడు 1882వ సంవత్సరము జనవరి 30వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి హైడ్ పార్కులో సంపన్న కుటుంబమున జన్మించెను. 1921లో, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున, పోలియో వ్యాధి సోకి కాళ్లు చచ్చుపడెను. అయినను ధైర్యము వీడక 1928లో ఆ రాష్ట్రమునకు గవర్నరుగా ఎన్నికయ్యెను.

1929లో అమెరికాను ఆర్థికమాంద్యము క్రమ్ముకొనెను. కర్మాగారములు మూతపడెను. 1933 నాటికి పనివారిలో ఇంచుమించు నాలుగవ వంతు నిరుద్యోగులైరి. 1932 ఎన్నికలలో రూజ్వెల్టు ప్రజలకు ముఖ్యముగా రెండు వాగ్దానములు చేసెను. కష్టములలో నున్నవారిని ప్రభుత్వము ఆదుకొనుననునది మొదటిది. ప్రభుత్వ వ్యయమును నాలుగవ వంతు తగ్గింతుననునది రెండవది. ప్రజలు హూవరును కాదని యితనిని గెలిపించిరి.

1933 మార్చి 4వ తేదీన ఇతడు పదవి స్వీకరించునాటికి దేశమున బేంకులు చాలవరకు మూతపడియుండెను. 6వ తేదీన అన్ని బేంకులకును సెలవు ప్రకటించెను. 9వ తేదీన, ఒక్క దినములోనే, శాసనసభ బేంకుల చట్టమును ఆమోదించెను. 12వ తేదీ రాత్రి రూజ్వెల్టు రేడియోలో ప్రసంగించి, బేంకులు పనిచేయు విధమును సామాన్యులకు బోధపడునట్లు వివరించెను. మరునాటినుండి నిలకడగల బేంకులు ఒక్కొక్కటిగా తెరువబడెను. భయపడి ధనము తీసికొనిపోయినవారే దానిని తెచ్చి మరల దాచుకొనిరి.

కాని రెండు వాగ్దానములకును పొత్తు కుదరలేదు. మొదట ఉద్యోగుల జీతములను, మాజీ సైనికుల పింఛనులను తగ్గించిచూచెను. పేదలకు పని కల్పింపవలెనన్నచో ధనము కావలెను. అప్పు చేయక తప్పలేదు. యువకులచే చెట్లు నాటించెను. టెన్నెసీ లోయలో ఆనకట్టలు కట్టించెను. 1935లో వృద్ధులకు పింఛనును, నిరుద్యోగులకు భృతిని ఏర్పరచు చట్టము చేయించెను. వ్యయము తగ్గుటకు మారుగా పెరిగెను.

తలపెట్టినవన్నియు నెరవేరలేదు. పరిశ్రమల చట్టమును 1935లోను, వ్యవసాయ చట్టమును 1936లోను సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసెను. అందుకు కినిసి 1937లో న్యాయమూర్తుల సంఖ్యను పెంపజూడగా, స్వపక్షమువారే అధికముగా నున్న సెనేటు సమ్మతింపలేదు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చువరకు నిరుద్యోగము పూర్తిగా తొలగలేదు. అయినను ప్రజలు ఇతనిని నాలుగుసార్లు ఎన్నుకొనిరి. 1945 ఏప్రిల్ 12వ తేదీన, పదవిలో నుండగనే మరణించెను.

రూజ్వెల్టు ఇచ్చిన మాటలన్నియు నిలుపుకొనలేదు. రెండు మాటలు ఒకదానితో నొకటి పొసగనప్పుడు, ఆకలిగొన్నవానికిచ్చిన మాటనే ముందుగా చెల్లించెను.