బొమ్మ రైళ్ల గుమాస్తా ఫ్రాంక్ హార్న్‌బీ

లేఅవుట్ అంటే ఇప్పుడు మన తుళ్లూరులో ప్లాట్లు, హద్దురాళ్లు, రోడ్లే గుర్తొస్తాయి. నేను చెప్పే లేఅవుట్ వేరు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న ప్లైవుడ్ చెక్క మీద పట్టాలు బిగించి, స్టేషను, వంతెన, గేటు కట్టి చిన్న రైలు నడిపేది. రిటైరయ్యాక మేడ గదిలో నేను పెట్టుకున్న కాలక్షేపం అది. మనం చదువుకునే రోజుల్లో రైలు చూడాలంటే మంగళగిరో గుంటూరో పోవాల్సిందే. ఆ మోజు అరవై దాటాక తీర్చుకుంటున్నాను. సావనీరుకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, నా గురించి కాకుండా, ఈ సరదాను ఎన్నో దేశాల పిల్లలకు చేర్చిన ఫ్రాంక్ హార్న్‌బీ గురించి రాయాలనిపించింది.

హార్న్‌బీ 1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టారు. తండ్రిది సరుకుల వ్యాపారం. హార్న్‌బీ పదహారేళ్లకే బడి మానేసి తండ్రి దగ్గర క్యాషియరుగా కుదిరారు. కాలేజీ మెట్లు ఎక్కలేదు, ఇంజనీరింగు ఎవరి దగ్గరా నేర్వలేదు. 1887లో ఎలిజబెత్ అనే బడిపంతులమ్మను పెళ్లి చేసుకున్నారు. 1899లో తండ్రి పోయారు, వ్యాపారం మూతపడింది. అప్పటికి హార్న్‌బీకి ముప్పై ఆరేళ్లు. డేవిడ్ ఎలియట్ అనే మాంసం దిగుమతి వ్యాపారి దగ్గర పద్దులు రాసే గుమాస్తాగా చేరారు.

పగలు పద్దులు, రాత్రి పిల్లలతో బొమ్మలు. కొడుకులు రోలండ్, డగ్లస్‌ల కోసం రాగిరేకు కత్తిరించి వంతెనలు, క్రేన్లు చేసేవారు. ఒక బొమ్మకు చేసిన ముక్క ఇంకో బొమ్మకు పనికొచ్చేది కాదు. ఆ చిక్కు ఎలా విప్పాలన్న ఊహ ఒక రైలు ప్రయాణంలో తట్టిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. బద్దీలన్నీ ఒకే వెడల్పున ఉండాలి, అర అంగుళానికి ఒక రంధ్రం ఉండాలి, నట్టు బోల్టుతో ఏ ముక్కనైనా ఏ ముక్కకైనా బిగించగలగాలి. అప్పుడు ఇవాళ్టి క్రేను విప్పితే రేపటి వంతెన అవుతుంది.

ఊహ ఉంది గాని పేటెంటుకు డబ్బు లేదు. యజమాని ఎలియట్ ఐదు పౌండ్లు అప్పిచ్చారు. 1901 జనవరిలో హార్న్‌బీ పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఎలియట్ అంతటితో ఆగకుండా భాగస్వామిగా చేరి, పని చేసుకోవడానికి చోటు కూడా చూపించారు. ఇంజనీరింగు ప్రొఫెసర్ హీలీ షా ఆ బొమ్మను చూసి మెచ్చి సిఫారసు చేశారు. 1902లో సెట్లు బజారుకు వచ్చాయి. 1907లో వాటికి మెకానో అన్న పేరు పెట్టారు. మరుసటి ఏడు కంపెనీ ఏర్పడింది. 1914లో లివర్‌పూల్ బిన్స్ రోడ్డులో పెద్ద ఫ్యాక్టరీ లేచింది. మన పిల్లలు ఆడుకున్న మెకానిక్స్ సెట్లు ఆ వరసలోవే.

రైళ్లు తర్వాత వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బొమ్మ రైళ్లలో జర్మనీది పైచెయ్యి. యుద్ధం ముగిశాక ఆ సందు చూసుకుని 1920లో హార్న్‌బీ కీ ఇస్తే నడిచే రైలు తెచ్చారు. పట్టాల మధ్య 32 మిల్లీమీటర్లు. దాన్ని కూడా నట్లు విప్పి మళ్లీ బిగించుకునేలాగే చేశారు. రైలు నడపడంతో పాటు అది ఎలా నడుస్తుందో పిల్లవాడికి తెలియాలన్నదే దాని వెనక ఉన్న ఆలోచన. 1925లో కరెంటు రైలు వచ్చింది. మొదట్లో ఇంటి కరెంటుకే దీపం అడ్డుపెట్టి నడిపేవారు. పిల్లలకు ప్రమాదమని తర్వాత తక్కువ వోల్టులకు మార్చారు. రైలు పక్కన పెట్టుకోవడానికి చేసిన చిన్న కార్లకు 1934లో డింకీ టాయ్స్ అని పేరుపెడితే, అవి రైలును మించి పేరు తెచ్చుకున్నాయి.

హార్న్‌బీ కోటీశ్వరుడయ్యారు. 1931లో ఎవర్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికై 1935 వరకు సభ్యుడిగా ఉన్నారు. 1936 సెప్టెంబరు 21న కన్నుమూశారు. నా చెక్క మీద ఉన్న 16.5 మిల్లీమీటర్ల పట్టాల హార్న్‌బీ రైలును ఆయన చూడలేదు. డబ్లో పేరుతో అది 1938లో వచ్చింది. భోజనాల బల్ల మీద పట్టే లేఅవుట్ దానితో సాధ్యమైంది. బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. పేరు మాత్రం ఇప్పటికీ రైళ్ల మీద ఉంది.

ఈ జీవితంలో నన్ను పట్టుకున్నది ఆ ఐదు పౌండ్లు. మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు. లెక్కల్లో ఎప్పుడూ వెనకే. కానీ పొలంలో ఆయిలింజను మొరాయిస్తే శబ్దం విని జబ్బేమిటో చెప్పేవాడు. పదో తరగతి తప్పాక, ఇంకోసారి పరీక్ష ఫీజు కట్టరా అని మాలో ఒక్కడూ అనలేదు. వాడు మిరపకాయల కమీషను కొట్లో గుమాస్తాగా చేరి అక్కడే జీవితం వెళ్లదీశాడు. వాడి కథలో ఎలియట్ లేడు. ఎలియట్ కావలసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. నా లేఅవుట్‌లో వైరు తెగినప్పుడల్లా వాడే గుర్తొస్తాడు.

ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల రైలు మార్గానికి 2024 అక్టోబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. రైలు కోసం మనలా దూరం పోనక్కర్లేని పిల్లలు ఇప్పుడు మన బడిలో ఉన్నారు. ఆ రైలు ఎలా నడుస్తుందని వాళ్లు అడుగుతారు.

స్వర్ణోత్సవం సందర్భంగా కమాను కడదాం, శిలాఫలకం వేద్దాం, తప్పులేదు. వాటితో పాటు సైన్సు గదిలో ఒక గట్టి బల్ల, నాలుగు పెట్టెల నట్లు బోల్టులు, స్క్రూడ్రైవర్లు, ఒక చుట్టు పట్టాలు పెట్టిద్దాం. బీరువాలో పెట్టి తాళం వేయకుండా పిల్లల చేతికిద్దాం. నా వంతుగా నా ఎనిమిదడుగుల చెక్కను, దాని మీది రైలుతో సహా, బడికి ఇస్తున్నాను. నేర్పడానికి వారానికి ఒక సాయంత్రం నేనే వస్తాను. మార్కులు తక్కువ వచ్చేవాళ్లను ముందు పంపమని గురువులకు నా మనవి.