కూఫా పట్టువర్తకుడు: ఇమామ్ అబూ హనీఫా

సరుకు విలువ ఎరిగినవాడు, ఎరుగనివాని వద్ద దానిని కొనునప్పుడే వర్తకుని ధర్మబుద్ధి తేటపడుతుంది. ఈ పరీక్షకు నిలిచిన మహనీయులలో ఇమామె ఆజమ్ హజ్రత్ అబూ హనీఫా (రహ్మతుల్లా అలైహి) అగ్రగణ్యులు.

ఆయన అసలు పేరు నూమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80, అనగా క్రీ.శ. 699లో ఇరాక్ దేశపు కూఫా నగరంలో జన్మించారు. పట్టువస్త్రాల వర్తకం ఆయన వృత్తి. హజ్రత్ హమ్మాద్ వద్ద చిరకాలం ధర్మశాస్త్రం అభ్యసించి, గురువు గతించిన పిమ్మట ఆ పీఠాన్ని అలంకరించారు. అయినను దుకాణం విడువలేదు.

ఒకనాడు ఒక స్త్రీ పట్టువస్త్రం అమ్మవచ్చి నూరు దిర్హములు కోరిందని చరిత్రకారులు చెబుతారు. అది అంతకంటె విలువైనదని ఇమామ్ తెలియజేశారు. ఆమె నూరేసి చొప్పున పెంచుతూ నాలుగు వందలకు వచ్చింది. అదియు తక్కువేనని ఆయన అనగా, తనను పరిహసిస్తున్నారని ఆమె నొచ్చుకున్నది. అప్పుడాయన వెల కట్టగల మరొకరిని రప్పించి, ఐదు వందలకు కొన్నారు. అమ్మవచ్చినవారి అవసరాన్ని, అజ్ఞానాన్ని లాభంగా మార్చుకొనుట ఆయనకు సమ్మతం కాదు.

కొనువారి యెడలను ఇదే నీతి. లోపమున్న వస్త్రాన్ని ఆ లోపం చూపియే అమ్మవలెనని భాగస్వామి హఫ్స్‌కు చెప్పి పంపారు. అతడు మరచి అమ్మివేశాడు. కొన్నవారి జాడ తెలియనందున ఆ సొమ్మంతా దానం చేశారు. వ్యాపారలాభంతో విద్వాంసులను, పేద శిష్యులను పోషించారు. అట్టివారిలో ఒకరైన అబూ యూసుఫ్ తదుపరి కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు.

సరుకు తరువాత అందజేసే బేరంలో నాణ్యము, పరిమాణము, గడువు ముందే నిర్ణయించి, పూర్తి వెలను ఆ కూర్చున్నచోటనే చెల్లించవలెనని హనఫీ ధర్మశాస్త్రం విధిస్తుంది. ఉత్పత్తిదారుని సొమ్ముకై తిప్పుకొనుటకు అందులో తావులేదు.

ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవిని ఇవ్వజూపగా ఇమామ్ నిరాకరించి చెరసాల పాలైనారు. హిజ్రీ 150, అనగా క్రీ.శ. 767లో బాగ్దాదులో పరమపదించారు.

మన దేశపు ముస్లిములలో అధికసంఖ్యాకులు నమాజులో ఆయన మార్గాన్నే అనుసరిస్తారు. నేత మగ్గం వద్ద, రైతు కల్లంలో వెల నిర్ణయించునప్పుడు కూడ అనుసరిస్తున్నామా? రేపు దుకాణపు గద్దెపై కూర్చుండబోయే విద్యార్థులు తమను తాము అడుగవలసిన ప్రశ్న ఇది.