ఆమీ జాన్సన్
ఆమీ జాన్సన్ 1903లో ఇంగ్లండునందలి హల్ నగరమున జన్మించెను. లండనులో న్యాయవాది కార్యాలయమున ఉద్యోగము చేయుచు, 1929లో విమానము నడపుటకేగాక దాని యంత్రమును బాగుచేయుటకును అనుమతిపత్రములు సంపాదించెను. తండ్రియు వేక్‌ఫీల్డు ప్రభువును ధనసాహాయ్యము చేయఁగా, ఒకే యింజనుగల పాత జిప్సీమాత్ విమానమును 600 పౌనులకుఁ గొని, జేసన్ అని పేరిడెను.

1930 మే 5న క్రాయిడన్ నుండి ఒంటరిగా బయలుదేరి, ఝాన్సీ, కలకత్తాల మీఁదుగాఁ బోయెను. రంగూను చెంత దిగునప్పుడు విమానము గుంటలోఁ బడి, రెక్కయు ముందరి పంకాయు విఱిగెను. ఆమె వెనుదీయలేదు. వెంటఁ గొనిపోయిన వేఱొక పంకాను బిగించి, అచ్చటి సాంకేతిక విద్యాలయమువారి తోడ్పాటుతో రెక్కను సరిచేయించి, మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్ చేరెను. 1941 జనవరి 5న, యుద్ధకాలపు విమానసేవలో, థేమ్సు ముఖద్వారమున మరణించెను.

బాలబాలికలారా! యంత్రము గలవారు దాని మర్మమును గూడ నెఱుఁగవలెనని యీమె చరితము వలన మేము గ్రహించుచున్నాము.