ఒక్క షిఫ్టుతో చరిత్రకెక్కిన అడాల్ఫ్ హెనెకె

యుద్ధానంతర జర్మనీలో సోవియట్ ఆధీనంలోని తూర్పు భాగాన్ని రాతిబొగ్గు కొరత పీడించింది. రూర్ ప్రాంతపు గనులు బ్రిటిష్ మండలంలో ఉండిపోగా, తూర్పు భాగానికి ప్రధానంగా సాక్సనీలోని పాత గనులే దక్కాయి. తిండి చాలని కార్మికులు ఉత్పత్తి పెంచే స్థితిలో లేరు. 1935లో సోవియట్ గనిలో స్టఖానోవ్ నెలకొల్పిన రికార్డు వంటిది తమకూ కావాలని అధికారులు తలచారు. వారి దృష్టి ఓల్స్‌నిట్జ్‌లోని కార్ల్ లీబ్‌క్నెహ్ట్ గనిలో పనిచేస్తున్న 43 ఏళ్ల అడాల్ఫ్ హెనెకెపై పడింది.

1905లో వెస్ట్‌ఫేలియాలో జన్మించిన హెనెకె మొదట ఈ ప్రతిపాదనకు వెనుకాడాడు. పని కోటా పెరిగితే ఆ భారం ఎవరి వీపున పడుతుందో గని కార్మికుడికి వేరే చెప్పనక్కరలేదు. చివరకు ఒప్పుకున్నాడు. అనుకూలమైన బొగ్గు పొరను ముందుగానే ఎంపిక చేశారు. పనిముట్లు, ఊతకర్రలు సిద్ధం చేశారు. 1948 అక్టోబరు 13న ఒకే షిఫ్టులో ఆయన 24.4 ఘనపు మీటర్ల బొగ్గు తవ్వాడు. నిర్దేశిత పరిమాణం 6.3 మాత్రమే, అంటే 387 శాతం. ఏర్పాట్లు ఎన్ని ఉన్నా తవ్వినవి ఆయన చేతులే. కానీ ఆ ఏర్పాట్లు చేసినవారి పేర్లు మాత్రం ప్రచారంలోకి రాలేదు.

పూలగుచ్ఛంతో పాటు కొంత నగదు, కొవ్వు పదార్థం, సిగరెట్లు, ఒక మద్యం సీసా బహుమానంగా దక్కాయి. ఆకలి రోజుల్లో అవి చిన్నవేమీ కావు. అయితే తోటి కార్మికులు ముఖం చాటేశారు. బెదిరింపు లేఖలూ వచ్చాయి. పత్రికలు వీరుడన్న మనిషి సొంత గనిలోనే ఒంటరివాడయ్యాడు.

తర్వాతి జీవితం వేదికలపైనా కార్యాలయాల్లోనూ గడిచింది. 1949లో జాతీయ పురస్కారం, పార్లమెంటు సభ్యత్వం, 1954లో పాలక పార్టీ కేంద్ర కమిటీలో స్థానం లభించాయి. అక్టోబరు 13ను తూర్పు జర్మనీ ఆదర్శ కార్మికుల దినంగా జరుపుకుంది. ఇంతలో 1953లో పని కోటాలను పది శాతం పెంచాలన్న నిర్ణయంపై బెర్లిన్ నిర్మాణ కార్మికులు సమ్మెకు దిగారు. జూన్ 17న అది దేశవ్యాప్త తిరుగుబాటుగా మారగా, సోవియట్ ట్యాంకులు అణచివేశాయి. హెనెకె సహచరులు 1948లోనే శంకించింది ఇటువంటి పెంపునే.

ఓల్స్‌నిట్జ్‌లో బొగ్గు తవ్వకం 1971లో ఆగిపోయింది. 1975 ఫిబ్రవరి 22న హెనెకె బెర్లిన్‌లో కన్నుమూశాడు. పదకొండేళ్ల తర్వాత ఆయన తవ్విన గని ప్రాంగణంలోనే గనుల మ్యూజియం తెరుచుకుంది.