కూలి పని చూపించి, బాప్తిస్మం ఆపిన ఒంగోలు దొర

సెక్టర్ 7 (భిలాయ్): భిలాయ్ పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల ఊరు. 1959లో ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఒక్కోసారి మనిషికి చేయగల పెద్ద సాయం పని చూపించడమేనని ఇలాంటి ఊళ్లో విడమరచి చెప్పక్కర్లేదు. దాదాపు 150 ఏళ్ల కిందట ఒంగోలులో ఒక క్రైస్తవ మిషనరీ చేసింది అదే. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ.

క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. మిషనరీ కాకముందు మిన్నెసోటాలో భూమి సర్వే బృందాల్లో పనిచేశారు. 1865లో భారతదేశానికి వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలులో స్థిరపడ్డారు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ అప్పటికే ఫలితాలు లేక, మూసేయాలన్న మాట పలుమార్లు వచ్చిన మిషన్.

ఒంగోలులో ఆయనకు మొదటి పరీక్ష కులం రూపంలో ఎదురైంది. అగ్రవర్ణాల పిల్లలు ఆయన బడికి వస్తున్నారు. అదే సమయంలో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే పెద్ద కులాలవారు తప్పుకుంటారు. క్లౌ మాదిగలను చేర్చుకున్నారు. అనుకున్నట్టే పెద్ద కులాలవారు తమ పిల్లల్ని బడి మాన్పించారు.

తర్వాత పదేళ్లకు వర్షాలు మొహం చాటేశాయి. 1876-78 కరువు దక్షిణ భారతాన్ని ఊడ్చేసింది. యాభై లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. పని ఉన్నా, మాదిగ కూలీలకు మేస్త్రీల చేతుల్లో వేధింపులు తప్పలేదు. ఈ సంగతి విన్నవారు చాలామందే ఉండి ఉంటారు. తన పాత వృత్తి ఇక్కడ పనికొస్తుందని క్లౌకు తట్టింది. 3.5 మైళ్ల కాలువ తవ్వకాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. రాజుపాలెం దగ్గర శిబిరం వేసి, పేరయ్యలాంటి తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. వేల మంది అక్కడ తట్ట మోసి కూలి సంపాదించుకున్నారు. శిబిరంలో కలరా వచ్చినా పని సాగింది.

కూలీలు సేద తీరే వేళల్లో బోధకులు వాళ్లతో కూర్చుని మాట్లాడేవారు. బాప్తిస్మం ఇమ్మని చాలామంది అడిగారు. ఆకలితో ఉన్న మనిషి అన్నం పెట్టే చేతికి కాదని చెప్పలేడు. అందుకే పదిహేను నెలల పాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సంఖ్యల కోసం ఎదురుచూసే మిషన్‌కు అది చిన్న నిర్ణయం కాదు.

1878 నాటికి కాంట్రాక్టు ముగిసింది, సహాయ నిధులూ అయిపోయాయి. ఇక ఇచ్చేందుకేమీ లేదని చెప్పాక కూడా జనం రావడం ఆగలేదు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగి ఇచ్చారు.

ఇంత హడావుడి ఏమిటని మిషన్ వర్గాల్లోనే సందేహాలు వచ్చాయి. కరువులో ఆదుకున్న మనిషి మీది కృతజ్ఞతను, విశ్వాసాన్ని పూర్తిగా విడదీయడం సాధ్యమా అన్న ప్రశ్న ఇప్పటికీ న్యాయమైనదే. పదిహేను నెలల విరామం దానికి పూర్తి జవాబు కాకపోవచ్చు. కానీ సాయానికి, చేరికకు మధ్య గీత గీయాలని క్లౌకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేకపోయింది.

ఆయన 1910లో అమెరికాలోని రాచెస్టర్‌లో కన్నుమూశారు. ఒంగోలులోని ఆసుపత్రికి క్లౌ స్మారకంగా ఆయన పేరు పెట్టారు. బాప్తిస్మాల సంఖ్యే చరిత్రలో ఎక్కువగా వినిపిస్తుంది. సాయం చేయాలనుకునే క్రైస్తవులు నేర్చుకోవాల్సింది మాత్రం అంతకు ముందు ఏడాది కథలో ఉంది. అవకాశం వెతికితే తన చేతిలో ఉన్న పనితనంలోనే దొరుకుతుంది. దొరికిన అవకాశాన్ని ఎదుటివారి అవసరం దాటి వాడుకోకుండా ఉండటం అంతకంటే కష్టం.